మోరీ కింద పేలని మందు

దగ్గరికి జరగండి బిడ్డలూ, ఆ చాప ఇటు లాక్కుని కూర్చోండి. ఇది అరిచి చెప్పే కథ కాదు, గోడ దగ్గరున్నవాళ్ళకు అందదు. సురంగల్ కరుణమ్మ కథ ఇది. మొయినాబాద్ నుంచి చేవెళ్ళ దాకా ఆమెను ఎరిగిన ముసలివాళ్ళు ఇప్పుడు ఎక్కువమంది మిగల్లేదు.

కరుణమ్మ పెనిమిటి పేరు సాముయేలు. ఆ చుట్టుపక్కల సముద్రాన్ని కళ్ళారా చూసినవాడు అప్పట్లో అతనొక్కడే అనుకోండి. పెద్ద యుద్ధం నడుస్తున్న రోజుల్లో, మీసమైనా సరిగ్గా రాని వయసులో, పాస్టరుగారు చెప్పిన మాట మీద నౌకాదళంలో చేరాడు. కరాచీకి పంపారు. అక్కడ సముద్రపు ఒడ్డున కొత్తగా ఒక బడి పెట్టారు. పలకా బలపం బడి కాదు, ఓడ మీది తోపులు, అదే ఫిరంగులు, పేల్చడం నేర్పే బడి.

నెలల తరబడి మందు వాసనైనా చూపించలేదట. కర్రతో చేసిన గుండ్లు చేతికిచ్చి ఎత్తు, అందించు, తోయి, మూయి అంటూ పొద్దంతా అదే పని. ఓడ ఎటు ఊగినా గుండు జారకూడదు. పక్కవాడి చెయ్యి ఎక్కడుందో చూడకుండానే తెలియాలి. దేశం రెండైనప్పుడు ఫిరంగులు, దూరం కొలిచే అద్దాలు, ఆఖరికి ఆ కర్ర గుండ్లు కూడా కరాచీలోనే ఉండిపోయాయి. ఇటు వచ్చినవాళ్ళు కొచ్చిలో మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. అప్పటికి సాముయేలు నేర్చుకునేవాడు కాదు, నేర్పేవాడు. గచ్చు మీద సుద్దముక్కతో ఫిరంగి బొమ్మ గీసి, గీతల మీద పిల్లలను నిలబెట్టి, లేని గుండును లేని గొట్టంలోకి తోయించేవాడట.

ఆ తర్వాత ఓడల మీద పేల్చిన నిజం ఫిరంగుల మోతలు అతని చెవులను తినేశాయి. పని చాలించి ఊరికి వచ్చేసరికి, ఎదురుగా నిలబడి పెదవులు బాగా కదిపితే సగం అర్థమయ్యేది. వెనకనుంచి పిలిస్తే గోడను పిలిచినట్టే. కరుణమ్మ అతనితో మాట్లాడాలంటే గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకునేది. ఊరివాళ్ళు నవ్వేవారు. నవ్వితే నవ్వారు.

కాలక్షేపానికి చర్చి ముందర పిల్లలను పోగుచేసి ఆ కవాతు నేర్పేవాడు. పక్కింటి ముత్తమ్మ రోకలి వాళ్ళకు గుండు.

"సాముయేలన్నా, మా రోకలి ఎత్తుకపోయి తోపుగుండు జేసినవ్. పొద్దుగాల నుంచి వడ్లు దంచుకోకుండ కూసున్న" అని ముత్తమ్మ అతని మొహంలో మొహం పెట్టి అరిచేది.

"జర ఆగు ముత్తమ్మా, ఇంకో నాలుగు గుండ్లేస్తే ఓడ మునుగుతది."

"ఓడ మునిగినంక నా రోకలి నాకియ్యి."

జామ్‌నగర్‌లో టార్పెడో బడి కూడా ఉందని, టార్పెడో అంటే నీళ్ళ కింద చేపలాగా ఈదుతూ పోయే మందుగుండని చెప్పేవాడు. నేర్చుకునేటప్పుడు దానికి మందు లేని తలకాయ తగిలించి వదులుతారు, అయిపోయాక పడవేసుకుని పోయి వెతికి తెచ్చుకుంటారు అనేసరికి ముత్తమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "ఇడిసినోళ్ళే మల్ల ఏరుకొచ్చుకునుడా? గిదేం యుద్ధమన్నా!"

ఇక అరవైతొమ్మిది వచ్చింది, ప్రత్యేక తెలంగాణ కావాలని ఉద్యమం లేచింది. పట్నంలో కాలేజీలు మూతపడ్డాయి, పరీక్షలు లేవు, బస్సులు ఓ రోజు తిరిగితే మర్నాడు తిరగవు. కరుణమ్మకు ఒక్కడే కొడుకు, ఆశీర్వాదం. కాలేజీ లేక ఇంటికొచ్చాడు. వచ్చాడే కానీ ఇంట్లో ఉన్నదెప్పుడు? పొద్దున లేస్తే చేవెళ్ళలో జులూసు అనే ఊరేగింపు, సాయంత్రం మొయినాబాద్‌లో మీటింగు. పోలీసు జీపులు రాత్రిళ్ళు ఊళ్ళమీద పడి వయసు కుర్రాళ్ళను ఎత్తుకుపోతున్నాయని విన్నప్పటి నుంచి కరుణమ్మకు ఒకటే ఆలోచన. వీడు బతికి ఉంటే చాలు. తెలంగాణ వచ్చినా రాకపోయినా, చదువు ఒక ఏడు పోయినా పదేళ్ళు పోయినా, వీడు ఉంటే చాలు. భయం కూడా పాతబడిపోయి, ఆమె లోపల ఒక తిమ్మిరిలాగా కూర్చుంది. వండేది, వడ్డించేది, వాకిట్లో నిలబడి దారి చూసేది.

ఒకనాడు అన్నం దగ్గర తండ్రి కదిపాడు. "కొచ్చికి పోరా. నేను చెప్తే తీసుకుంటరు. ఆడ బడి బందుండదు."

కొడుకు తండ్రి మొహానికి ఎదురుగా వంగాడు, ఒక్కో మాటా తెలిసేట్టు. "నీ తోపుల బడి నాకొద్దు బాపు. గంత నేర్చుకొని నువ్వు ముంచింది ఏ ఓడ?"

"ఒక్కటి లేదు" అన్నాడు సాముయేలు. "నా చేతికింద ఒక్క పోరగాడు గూడ సావలేదు. గది చెప్పుకో."

ఆశీర్వాదం కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం హన్మంతు పరుగెత్తుకొచ్చాడు. అతను ఆశీర్వాదం జతగాడు, వాళ్ళ నాయన బావులు తవ్వించే గుత్తేదారు. గడప పట్టుకుని నిలబడ్డాడు.

"పెద్దమ్మా, శంకర్‌పల్లి తొవ్వల మోరీ కింద తూటాలు పెట్టినం. జీపులు రాకుండ మోరీ కూలగొడదామని. వత్తి అంటించినం, పేలలేదు. ఆశీర్వాదం దిగి చూస్తనంటుండు. వద్దంటే ఇంటలేడు."

మోరీ అంటే రోడ్డు కింద నీళ్ళు పోయే చిన్న వంతెన, తూటాలంటే బావుల్లో బండ పగలగొట్టే మందు. ఆ సీమలో బావి తవ్వని ఊరు లేదు. అందుకే పొయ్యి ఊదే ఆడదానికి కూడా ఒక సంగతి తెలుసు. పేలని తూటాను తెల్లారేదాకా ఎవరూ ముట్టరు. బావి వదిలేసి ఇంటికి పోయి, మర్నాడు నీళ్ళు పోసి, పక్కన వేరే బెజ్జం వేస్తారు. వత్తి లోపల నిద్రపోతుంది అంటారు. ఎప్పుడు లేస్తుందో దానికే తెలియదు.

సాముయేలుకు ఇది తెలియదు. బావి పనుల వయసంతా అతను నీళ్ళ మీద గడిపాడు. కానీ హన్మంతు పెదవులు చూసి విషయం పట్టుకున్నాడు, చెప్పులు కూడా వేసుకోకుండా నడిచాడు, వెనకే కరుణమ్మ, హన్మంతు.

వాళ్ళు చేరేసరికి ఆశీర్వాదం రోడ్డు దిగి మోరీ వైపు వంగుతున్నాడు. సాముయేలు ఒక కేక పెట్టాడు. కరుణమ్మ ఆ గొంతును కాపురంలో ఎప్పుడూ వినలేదు. బడి గొంతు అది. పిల్లవాడు ఎక్కడివాడక్కడ కర్రలా నిలబడిపోయాడు. తండ్రి పోయి వాడి భుజం పట్టి పైకి తెచ్చి, తంగేడు పొదల దాకా నడిపించి, మడమతో మట్టిలో గీత గీశాడు.

"ఈ గీత దాటొద్దు. ఎవ్వరు దాటొద్దు."

కరుణమ్మ అతని గడ్డం పట్టుకుని తిప్పింది. "ఓ అయ్యా, రేపటిదాక దాన్ని ముట్టరు. మన దిక్కు ఎవ్వరు ముట్టరు. ఇంటికి పోదాం పా."

"పొద్దుగాల కూరగాయల బండ్లు స్టేషన్‌కు గీ మోరీ మీదికెల్లే పోతయి."

"బండ్లను నేనాపుత. రాత్రంత రోడ్డు మీద కూసుంట."

"అవును పెద్దబాపూ, మా నాయినను అడుగు, తెల్లారేదాక..." హన్మంతు అంటూనే ఉన్నాడు. సాముయేలు అప్పటికే మొహం మోరీ వైపు తిప్పుకున్నాడు.

"పేలని మందును ఇడిసిపెట్టి పోవుడు మా బడిల లేదు" అన్నాడు, ఎవరికి చెబుతున్నాడో తెలియకుండా. "తోపు పేలకపోతే ఉన్నోళ్ళు ఉన్నకాడ్నే నిలబడాలె. జరసేపు చూసి నేర్పేటోడు పోయి తెరువాలె. నేర్చుకునేటోన్ని పంపొద్దు."

అతను నిలబడ్డాడు. పెదవులు మెల్లగా కదులుతున్నాయి, ఆ బడిలో ఆగమన్నంత సేపూ అంకెలు లెక్కపెట్టుకుంటున్నాడు. ఆ పెదవులనే చూస్తూ కరుణమ్మ కూడా నిలబడింది. లెక్క అయిపోయింది. ఫిరంగి గొట్టానికైతే అది సరిపోయేదే. ఆమె చొక్కా పట్టుకుంది, అతను వేళ్ళు ఒక్కొక్కటే విడిపించి కిందికి దిగాడు. మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి లోపలికి పోనిచ్చాడు.

చప్పుడు కరుణమ్మకు గుర్తు లేదు. దుమ్ము గుర్తుంది. దుమ్ము దిగాక గీత ఇవతల ఆశీర్వాదం అలాగే నిలబడి ఉండడం గుర్తుంది.

ఇంటికొచ్చి చూస్తే పొయ్యి మీద పప్పు అడుగంటుతోంది. దించింది. ఎవరో చాప పరిచారు, ఎవరో పాస్టరుగారి కోసం పరుగెత్తారు. ముత్తమ్మ ఆమె రెండు భుజాలు పట్టి ఊపింది. "ఏడ్వే కరుణా, ఏడ్వకపోతే రొమ్ము పగుల్తది."

"ఏడుపొస్తలేదక్కా."

పోలీసులు వచ్చారు. హన్మంతు తండ్రి ముందే అందరికీ చెప్పిపెట్టాడు. బావి పని దగ్గర మందు పేలింది అని. కరుణమ్మను అడిగితే బావి అంది. వాళ్ళు బావి అని రాసుకుని పోయారు.

రెండోనాడు చేవెళ్ళ నుంచి ఉద్యమం పిల్లలు దండ పట్టుకుని వచ్చారు. "అమ్మా, సాముయేలన్న మా అమరుడు. రేపు జులూసుల పేరు చెప్తం."

"మీ జులూసుల ఆయన ఒక్క దినమన్న నడువలేదు బిడ్డా. దండ తీసుకపోండ్రి."

"మరి ఏమని చెప్పమంటవమ్మా?"

ఆమె దండను వాళ్ళ చేతుల్లోకే నెట్టింది. తలుపు వెనక ఆశీర్వాదం ఉన్నాడు. వాళ్ళు పోయాక బయటికి వచ్చాడు.

"నేను చెప్త అవ్వా. ఠాణాకు పోయి, నేనే పెట్టిన అని చెప్త."

"నువ్వు జైల్ల కూసుంటే ఆయన ఎందుకు దిగినట్టురా?" అంది కరుణమ్మ. కోపం లేదు, ఏడుపు లేదు, నీళ్ళు తాగుతావా అని అడిగినట్టే అంది. "అన్నం తిను."

తిన్నాడు. ఆ ఏడాదంతా ఆమె పెడితే తిన్నాడు, లేకపోతే లేదు. ఉద్యమం చల్లారింది, కాలేజీలు తెరిచారు, వాడు పోలేదు. మోరీ మళ్ళీ కట్టారు. బతికినన్నాళ్ళూ ఆశీర్వాదం టమాటాల బండి దాని మీదుగానే శంకర్‌పల్లి స్టేషన్‌కు తోలాడు, తల ఇటూ అటూ తిప్పకుండా. కరుణమ్మ కోరుకున్నదే జరిగింది, కొడుకు బతికాడు. కానీ మొగుడు ఎట్లా పోయాడంటే ఊరికి బావి అనే చెప్పాల్సి వచ్చింది, చర్చిలో ప్రార్థనకు కూడా బావి అనే చెప్పాల్సి వచ్చింది. చాలా ఏళ్ళకు, కొడుకును కూడా మట్టిచేసి వచ్చిన నాటి సాయంత్రం ఆమె ముత్తమ్మ అరుగు మీద కూర్చుని, మొదటిసారి ఇదంతా చెప్పింది. అప్పుడూ కళ్ళు తడవలేదు.

"ఇగ ఎవ్వలను పట్టుకపోతరు" అంది. "ఇప్పుడన్న చెప్పుండ్రి."

అందుకని చెబుతున్నాను. మీరూ గుర్తుపెట్టుకోండి బిడ్డలూ. సురంగల్ సాముయేలు బావిలో పోలేదు, జులూసులో పోలేదు. శంకర్‌పల్లి తోవలో మోరీ దగ్గర, కొడుకును వెనక నిలబెట్టి తాను దిగి పోయాడు. ఎవరైనా అడిగితే ఇట్లాగే చెప్పండి. అడగకపోయినా మీ పిల్లలకు ఒకసారి చెప్పండి.