దవడలో కచ్చా కుట్టు

ఎడమపక్క కింద రెండు దవడ పళ్లు ఊగుతున్నాయి. కుడివైపువి ఎప్పుడో ఊడిపోయాయి కనుక, ఇవి కూడా పోతే నాకిక జావే గతి.

డాక్టరమ్మది నా కూతురి వయసు. నన్ను ‘మాస్టారూ’ అంది. దర్జీలకు లోకం ఇచ్చిన బిరుదు అది, బడి సగంలో మానేసినవాడికి కూడా దక్కుతుంది. చిగుళ్లు తెరిచి, కింద కరిగిన ఎముక గుంటల్లో వేరే ఎముక నింపితే పళ్లు నిలవొచ్చంది. గడ్డం దగ్గర నా ఎముకే గీరి తీయొచ్చట, కానీ అక్కడింకో గాయం, పైగా చాలినంత రాదు. ఫ్యాక్టరీ పొడి ఉందట, ఇంత లోతు గుంటలో దానిమీద ఆవిడకు నమ్మకం లేదు. ఇక మిగిలింది పోయినవాళ్లు దానమిచ్చిన ఎముక, శుభ్రంచేసి పొడి కొట్టినది. ఆవిడ మొగ్గు దానికే.

“నా గుడ్డలోంచే తియ్యండి డాక్టరమ్మా. అతుక్కి మడతలోపలి ముక్కయితేనే రంగు కలుస్తుంది,” అన్నాను.

ఆలోచించుకుని రమ్మంది, ఎక్కువ ఆలస్యం చెయ్యొద్దంది.

చిన్నప్పుడు అన్నయ్య చొక్కాలే కురచ చేసి నాకు తొడిగేవారు. బళ్లో వెనకనుంచి చూసి అందరూ వాడి పేరుతోనే పిలిచేవారు. అది పడలేకే పుస్తకాలు వదిలి మిషనెక్కాను. ఆనాటినుంచి పరాయి నూలుపోగు ఒంటికి తగలనివ్వలేదు. ఇప్పుడేమో పరాయి ఎముకట, అదీ ముఖం తెలియనివాడిది.

మధ్యాహ్నం కొట్లో ఎండ ఏటవాలుగా పడుతోంది. గాలిలో దూది నలకలు నిద్రలో నడుస్తున్నట్టు తేలుతున్నాయి. నేను కోటు భుజానికి కచ్చా కుట్టు ఊడదీస్తున్నాను. నా భార్య కాజాలు కుడుతూ, పెట్టిన ఎముక చివరికి ఏమవుతుందని అడిగింది. మెల్లగా కరిగిపోతుందట, ఆ చోట నాదే పెరుగుతుందట అన్నాను.

“కచ్చా కుట్టేగా మరి,” అంది సూది ఆపకుండా. “అసలు కుట్టు పడేదాకా పట్టుకుని ఉంటుంది. ఆ దారాన్నెవరైనా తొడుక్కుంటారా ఏంటి? ఇన్నేళ్లు కుట్టారు, ఇంతమాత్రం తెలీదూ.”

చేతిలోని తెల్లదారం లాగాను. చప్పుడు లేకుండా వచ్చేసింది.

ఆపరేషన్ రోజు దీపం మొహంమీదికి వంగింది. నోరు మొద్దుబారి, ఎవరిదో గదిలా అయింది. ఆ గదిలో ముఖం తెలియని ఒకాయన కూర్చుని పొడుగు పొడుగు వదులు కుట్లు వేస్తున్నాడు. గంజి వాసన వస్తోంది. అన్నయ్య పేరుతో పిలుస్తాడేమోనని ఎదురుచూశాను. పిలవలేదు. కొలత తప్పకుండా కుట్టి, దారం కొరికి, మళ్లీ మొదటినుంచి చూసుకున్నాడు.

ఎండలు ముదిరేసరికి డాక్టరమ్మ ఆ రెండు పళ్లను చిన్న కడ్డీతో తట్టింది. కదల్లేదు.

“వెళ్లిపోయినట్టేనా?” అన్నాను.

నొప్పి గురించి అనుకున్నట్టుంది, “ఎప్పుడో మాస్టారూ,” అని నవ్వింది.

దారిలో నా భార్య వేయించిన గింజలు చేతిలో పోసింది. ఎడమవైపే నమిలాను, కరకరమన్నాయి. చెప్పకుండా పోయాడు చూడు, అని విసుక్కున్నాను. ఎవరని ఆమె అడగలేదు. ఇంకో గుప్పెడు పోసింది.