అత్తగారి బిందెతో ఇంజను

పెరట్లో తెల్లటి పొగ చూసి తబిత చేతిసంచీ గుమ్మంలోనే వదిలేసింది. బడిలో పాఠాలు చెప్పి అప్పుడే వచ్చింది. షెడ్డు ముందు ఆమె భర్త విజయ్ పాల్ బొగ్గుల కొలిమి దగ్గర గొంతుకూర్చుని, మూసలో కరిగిన ఇత్తడిని ఇసుక అచ్చులోకి వంచుతున్నాడు. పక్కనే ఉలితో నరికిన బిందె మెడ పడి ఉంది. దాని మీద చుక్కలు చుక్కలుగా పొడిచిన పేరు, దేవకుమారి.

దేవకుమారి తబిత తల్లి. పోయి ఏడాదయింది. ఆవిడ వస్తువుల్లో కూతురికి దక్కింది ఆ ఒక్క బిందె.

“అమ్మ బిందె,” అంది తబిత.

“చిల్లు పడిందిగా. అటక మీద ఊరికే ఉందని తీశాను,” అన్నాడతను అచ్చు మీద నుంచి కళ్లెత్తకుండా. “క్రాంక్‌కేసూ ఫ్లైవీలూ రెండూ దీంతోనే వచ్చేస్తాయి. ఇంజను నడిచిన రోజున దానికి మీ అమ్మగారి పేరే పెడదాం.”

విజయ్ పాల్ నిడదవోలు కాలువల ఆఫీసులో గుమాస్తా. ఆఫీసు వదిలాక అతని లోకమంతా అరచేతిలో ఇమిడే పెట్రోలు ఇంజన్లే. బొమ్మ గీసుకోవడం దగ్గర నుంచి పిస్టను నునుపు చేయడం దాకా బుర్రా చెయ్యీ అతనివే, సామాను మాత్రం పెళ్లానిది. ఆమె గొడుగు ఊచలు పుష్‌రాడ్లయ్యాయి. కుట్టుమిషను సూది కార్బురేటరులోకి పోయింది. ఇంట్లో ఏది కనబడకపోయినా షెడ్డులో వెతకాల్సిందే. వాటికి తబిత గొణిగి ఊరుకునేది. అడిగితే ఇవ్వనా అన్నదే ఆమె బాధ. ఇన్నేళ్ల కాపురంలో ఆ మనిషి ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు.

బిందెతో ఆ గొణుగుడూ ఆగిపోయింది. తబిత మాట్లాడటమే మానేసింది. కంచంలో గరిటె ఠంగుమని మోగేది, అంతే. మహానుభావుడికి అదీ వినబడలేదు. నెలల తరబడి అరగదీసి, బిగించి, విప్పి, మళ్లీ బిగించి, చివరికి ఇంజను పూర్తి చేశాడు. చర్చిలో కోత పండుగ ఆరాధన కాగానే స్టార్ట్ చేస్తానని వీధంతా చెప్పుకున్నాడు.

పండుగ పొద్దున అతను స్నానానికి వెళ్లగానే తబిత షెడ్డులోకి వెళ్లింది. ఇంజనును పళ్లెంలో పెట్టి, గుడ్డ కప్పి, చర్చికి నడిచింది. ప్రథమ ఫలాల కానుకల్లో, గుమ్మడికాయకీ కాళ్లు కట్టిన కోడిపుంజుకీ మధ్య పెట్టేసింది. తనకు చెప్పకుండా తనది పోయినట్టే, అతనికి చెప్పకుండా అతనిదీ పోవాలి. దేవుడి ముందు పెట్టినదాన్ని వెనక్కి లాక్కునే ధైర్యం ఎవరికుంది?

ఆరాధన అయ్యాక ఆవరణలో కానుకల వేలం మొదలైంది. గుడ్డ తీయగానే మగవాళ్ల వైపు కూర్చున్న విజయ్ పాల్ ముఖంలో నెత్తురుచుక్క లేదు. తబిత కడుపుమంట కాస్త చల్లారింది.

“ఇదేంటండీ?” అన్నారు పాస్టరు జ్ఞానప్రకాశం గారు.

“ఏదైతేనేం, మంచి ఇత్తడండి,” అన్నాడు చినబాబు, చేత్తో బరువు చూస్తూ. రొయ్యల చెరువులతో కొత్తగా డబ్బు చూసిన మనిషి. “కరిగించి మా గేటుకి పువ్వులు పోయిస్తాను.” మొదటి పాట అతనే పాడాడు.

కరిగిస్తాడట. తబితకి ఒళ్లు మండిపోయింది. ముందు చినబాబు మీద, ఆ వెంటనే తన మీద. అమ్మది ఇక మిగిలింది ఆ ఇత్తడే. దాన్ని తానే తెచ్చి పదిమందిలో పెట్టింది. మొగుడు చేసిన పనే తానూ చేసింది.

ఆమె పాట పెంచింది. చినబాబు ఇంకాస్త పెంచాడు. అటువైపు నుంచి విజయ్ పాల్ కూడా లేచి పాట పాడాడు. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

“మొగుడూ పెళ్లాల మధ్య పోటీ ఏంటమ్మా?” అన్నారు పాస్టరు గారు. “ఎవరు పాడినా మీ ఇంటికే కదా వచ్చేది.”

“కాదండి. ఆయన పాడితే ఆయనదవుద్ది. నా జీతంతో నేను పాడుకుంటున్నాను. అది మా అమ్మ బిందె.”

చినబాబు ఇంజనును మెల్లగా పళ్లెంలో పెట్టేశాడు. విజయ్ పాల్ తల దించుకుని కూర్చున్నాడు. వేలం తబిత పేరున కొట్టేశారు.

ఇంటికొచ్చి ఆమె ఇంజనును వంటింటి గూట్లో పెట్టి, కూరగాయలు ముందేసుకుంది. విజయ్ పాల్ పెట్రోలు సీసాతో వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. గూడు రెండడుగుల దూరంలోనే ఉన్నా చెయ్యి చాచలేకపోయాడు.

“తబితా, ఒక్కసారి స్టార్ట్ చేసి చూసుకోనా?”

కాపురానికి వచ్చింది మొదలు ఆమె ఎదురుచూసింది ఈ ఒక్క ప్రశ్న కోసమే. అది వింటే కరిగిపోతానని అనుకునేది. తీరా విన్నాక, కోపం పిసరంత కూడా తగ్గలేదు.

“వద్దండి,” అంది.

“పోనీ, రేపు?”

“రేపు అడగండి.”