గంగమ్మకు తడిపిన బండి

ఇరుసుల కోసం గుడివాడ తిరిగీ తిరిగీ నా ప్రాణం విసిగిపోయింది. మా ఊరు పాలకాయతిప్ప నుంచి అవనిగడ్డకు ఆటో, అక్కణ్ణుంచి బస్సు. ఇన్నేళ్ళు చేపల గంప మోసినా ఇంత అలసట రాలేదు. ఏం చేస్తాం, మా ఆయన రత్తయ్యకు నడుము పోయింది. పడవను ఇసుక మీదకు లాగడానికి మనుషులు దొరకడం లేదు. నాలుగు చక్రాలూ లాగే బండి కట్టించుకుంటే పడవ ఉంటుంది. లేదంటే దాన్ని అమ్మేసి ఆయన రొయ్యల చెరువు కాపలాకు వెళ్ళాలి. ఆ మాట ఎత్తితే ఆ పూట అన్నం ముట్టడు.

గుడివాడలో మెకానిక్ పున్నారావు మా కోసం ఒక పాత జీపుకు వెనక తొట్టి కడుతున్నాడు. దాని ఇరుసులు అరిగిపోయాయి, వేరేవి చూసుకోమని మమ్మల్ని తుక్కు కొట్టుకు తీసుకెళ్ళాడు. రత్తయ్య లారీ ఇరుసు ముందు నిలబడి కదిలితే ఒట్టు.

"ఇది గట్టిగా ఉంది. ఇదే వెయ్యి."

"అంత బరువు ఇసుకలో దిగబడిపోద్ది బావా. జీపువే చూద్దాం. ముందుదానికీ వెనకదానికీ లోపలి గేరు పళ్ళు ఒకే లెక్కలో ఉండాలి. లేదంటే ఒకదాన్నొకటి ఈడ్చుకుంటాయి."

ముందుది దొరికితే వెనకది దొరకలేదు. వెనకది దొరికితే పళ్ళు కలవలేదు. జత కుదిరేసరికి కొట్టువాడికి కూడా మా మొహాలు మొహం మొత్తాయి.

బండి తయారయ్యాక రత్తయ్య దాన్ని ఇంటికి తీసుకురాలేదు. గుడివాడ నుంచి నేరుగా సముద్రంలోకి దించాడు. కొత్త వలైనా, ఇంజనైనా మా ఇంట్లో ముందు సముద్రంలో ముంచి గంగమ్మకు తడపాల్సిందే. చక్రాలు మునిగేదాకా దించి, నేను పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టాను. తర్వాత అదే బండి మా పడవను ఇసుక మీదకు లాక్కొచ్చింది. రత్తయ్య నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది.

నెల తిరక్కముందే బండి వెనక నుంచి మూలుగు మొదలైంది. మళ్ళీ గుడివాడే. పున్నారావు ఇరుసు కింద బిరడా విప్పితే ఆయిలు విరిగిన పాలలా తెల్లగా కారింది. లోపల పళ్ళన్నీ తుప్పు, ఇక ఆ ఇరుసు పనికిరాదు.

"రోడ్డు మీద వచ్చిన వేడి మీదే నీళ్ళలో దించారా? చల్లబడగానే ఇరుసు తన గాలి పోయే బెజ్జంలోంచి ఉప్పునీళ్ళు పీల్చేసింది. ఇసుకలో తిప్పుతామన్నారుగానీ సముద్రంలో దించుతామని ఒక్క ముక్క చెప్పలేదేం అక్కా? ఆ బెజ్జానికి గొట్టం వేసి సీటు దాకా పైకి తీసేవాణ్ణిగా."

"సముద్రం ఒడ్డున బతికేవాళ్ళం. అది కూడా విడిగా చెప్పాలా?" అన్నాను.

రత్తయ్య నేల చూస్తూ కూర్చున్నాడు.

"ఈసారి తడపంలే పున్నారావూ. పడవ ఉంటే చాలు."

నాకు ఒళ్ళు మండింది. పెళ్ళైన కొత్తలో నా చెప్పుల్ని కూడా సముద్రంలో ముంచి ఇచ్చిన మనిషి. పడవ కోసం ఆఖరికి గంగమ్మను కూడా వదులుకుంటానంటున్నాడు.

"ఎందుకు తడపం? తడుపుతాం. ఆ గొట్టమేదో వెయ్యి తమ్ముడూ."

రత్తయ్య నా వైపు చూశాడు. తర్వాత నడుము పట్టుకుని మెల్లగా లేచాడు. నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఇరుసు వెతకడానికి ఇద్దరం మళ్ళీ తుక్కు కొట్టు వైపు నడిచాం.