లప్పం మొహం

గరుకు కాగితంతో గోడను రుద్ది, అరచేత్తో తడిమి, చిన్న గుంట తగిలిన చోట మళ్ళీ లప్పం పూశాడు మేస్త్రి. గోడలో గుంటంటే అతనికి పడదు. లప్పం మేస్త్రి అనే పేరు ఊరికే రాలేదు. అతని చేయి పడిన గోడ మీద చీమ కూడా జారిపడుతుందని తోటివాళ్ళు వేళాకోళం చేస్తారు. ఇంట్లో మాత్రం ఆపాటి మాట కూడా ఎవరూ అనరు.

ఇంట్లో అందరి నోటా బావమరిది పేరే. వాడు తూకం మిషన్లు బాగుచేసే షాపులో పనిచేస్తూ అక్క ఇంట్లోనే ఉంటున్నాడు. ఈమధ్య బల్లమీద ఆడే ఆటల కోసం అమ్మే బొటనవేలంత సైనికుల బొమ్మలు తెచ్చి, రంగులు వేయడం మొదలుపెట్టాడు. పక్కింటివాళ్ళు కూడా వచ్చి చూసి పోతున్నారు.

"చూశారా, కంట్లో మెరుపు చుక్క కూడా పెట్టాడు!" అంటుంది భార్య.

మేస్త్రి రంగులేసిన ఇంటి గోడల్ని ఆమె ఒక్కసారైనా అలా చూసిందా? రంగు తన పని. నిన్నగాక మొన్న కుంచె పట్టినవాడికి ఆ మెప్పేమిటి? 

ఇవాళ సాయంత్రం బావమరిది వేరే ఊళ్ళో కొత్త ఉద్యోగానికి వెళ్ళిపోతున్నాడు. ఆలోగా తానూ ఒకటి చేసి, వాడి ఎదుటే భార్య చేతిలో పెట్టాలి. అందుకే పొద్దున వాడి డబ్బాలోంచి రంగు పడని బొమ్మ ఒకటి అడక్కుండా తెచ్చుకున్నాడు.

మధ్యాహ్నం అన్నం ముగించి బొమ్మను వేలితో తడిమాడు. నిండా గుంటలే. చేయి ఊరుకుంటుందా? అన్నిటికీ శుభ్రంగా లప్పం పట్టించి, ఎండలో ఆరబెట్టి, రుద్ది, కోటుకు నీలం రంగు వేశాడు.

తోటి పనివాడు తొంగిచూశాడు. "బాగా నున్నగా వచ్చింది మేస్త్రీ. ముక్కేది మరి?"

ఆ గుంటల్లోనే కళ్ళూ ముక్కూ ఉన్నాయని అప్పుడు వెలిగింది.

బొమ్మను ఖాళీ క్యారేజీలో దాచాడు గానీ, ఇంటికి రాగానే భార్య దాన్ని కడగడానికి మూత తీసింది. బొమ్మ కిందపడి బావమరిది కాళ్ళ దగ్గరికి దొర్లింది.

"ఇది నాదే కదా బావా?"

"నీదే. అడక్కుండా తీశాను. నవ్వుకో."

వాడు నవ్వలేదు. వెలుతురుకు పట్టి చూశాడు. "ఇంత నున్నగా నాకు రాదు బావా."

వెక్కిరించినా బాగుండేదనిపించింది. మేస్త్రి స్నానానికి వెళ్ళి, వీడ్కోలు చెప్పాల్సిన పని తప్పుతుందని తీరిగ్గా ఒళ్ళు రుద్దుకున్నాడు. బయటికొచ్చేసరికి వాడి సంచీ లేదు, రంగుల డబ్బా లేదు.

"బస్సు టైమైందని వెళ్ళిపోయాడండీ. మీకు చెప్పమన్నాడు," అంది భార్య. ఆమె కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. చేతిలోని బొమ్మను అటూ ఇటూ తిప్పింది. "కోటు రంగు మీరే వేశారటగా. ఎక్కడా ఒక్క గీత కూడా లేదు."

ఇన్నేళ్ళకు వచ్చింది ఆ మాట. మేస్త్రి ముఖం విప్పారబోయి, బొమ్మ మొహం కనపడగానే ఆగిపోయింది. తాను స్నానం చేస్తున్నంతసేపట్లో వాడు లప్పం మీదే కళ్ళు పెట్టేశాడు, మెరుపు చుక్కతో సహా.

"దొంగ వెధవ! దీన్ని కూడా వదల్లేదు," అన్నాడు. అంటూనే బొమ్మను తీసుకుని కిటికీ గట్టు మీద జాగ్రత్తగా నిలబెట్టాడు.

ముక్కులేని ఆ సైనికుడు రెండు కళ్ళూ విప్పుకుని, మేస్త్రి రంగులేసిన గోడకేసే చూస్తున్నాడు.