అరచేతులు తప్ప

పలివెలలో ఒంటి మీద మచ్చ కనబడితే జనం ముందు వెళ్ళేది వీరాయమ్మ దొడ్లోకి. అక్కడ నూతి పక్కన ఒక నల్లరాయి ఉంది. ఆ రాయి మీద కూర్చోబెట్టి ఆవిడ సున్నిపిండితో నలుగు పెడుతుంది. రాయికి సరిగ్గా పైన, పాక వాసానికి, ముగ్గిన కర్పూరం అరటిగెల ఒకటి వేలాడుతూ ఉంటుంది. మనిషి మీంచి ఊడిన మచ్చ ఎక్కడికో అక్కడికి పోవాలి కదా, ఆ గెల మీదికి పోతుంది. తెల్లారగట్ల పసుపు పచ్చగా ఉన్న పళ్ళు ఎండెక్కేసరికి మచ్చలెక్కుతాయి. మచ్చలు పడినంత మేర పళ్ళ అత్తాన్ని కొడవలితో కోసి, ఆవిడ గేదె ముందు పడేసి, వంట చూసుకోడానికి లోపలికి పోతుంది. రావులపాలెం మార్కెట్టు నించి గెలలు తెచ్చిచ్చే రాజేంద్రప్రసాద్ మాత్రం, మంచి సరుకంతా గేదె పాలు చేస్తోందని గొణుగుతాడు. మచ్చల విషయంలో అతనికి ఏ అభ్యంతరమూ లేదు.

పోయినేడు మాఘమాసంలో గంగాభవాని ఆ రాయి మీద కూర్చుంది.

భవానికి ముప్ఫై రెండేళ్ళు. రెండు బుగ్గల మీదా మంగు పరుచుకుని ఉంది. అది ఆడవాళ్ళలో చాలామందికి ఉండేదే. అసలు బాధ చేతులతో. మూడేళ్ళుగా ఆమె అమలాపురం అవతల ఒక షెడ్డులో రొయ్యల తలలు తీస్తోంది. పొద్దున ఆరింటికి వ్యాను ఎక్కితే సాయంత్రం దాకా చేతులు ఐసు నీళ్ళలోనే. వేళ్ళ సందులు పాసిపోయి, చర్మం తెల్లగా ఉబ్బి, అన్నం కలుపుకుంటే భగ్గుమనేది. మొగుడు అయ్యప్ప కొబ్బరి దింపు తీసేవాడు. మూడేళ్ళ కిందట చెట్టు మీంచి పడ్డాడు. నడుము కింద కాళ్ళు ఉన్నాయన్న మాటే గానీ అవి అతని మాట వినవు. కూతురు బేబీకి తొమ్మిదేళ్ళు.

అమలాపురంలో డాక్టరు చేతులు చూసి ట్యూబు రాసిచ్చాడు. షెడ్డు మానేస్తే తగ్గుతుందన్నాడు.

"షెడ్డు మానెయ్యడానికే కదండీ ఇవి తగ్గాలంటన్నాను," అంది భవాని.

నిజమే. మస్కట్‌లో ఉన్న చెల్లెలు యామిని ఒక మంచి ఇల్లు చూసింది. ఆ ఇంటి మేడం కడుపుతో ఉంది, పుట్టబోయే బిడ్డకి ఆయా కావాలి. వీడియో కాల్‌లో ఆ మేడం భవానిని చూసి నవ్వింది, చేతులు చూపించమంది, చూసి నవ్వు ఆపేసింది. తరవాత యామిని ఒక్కతే మాట్లాడింది.

"అక్కా, పసిగుడ్డుని ఎత్తుకోవాలి కదా, ఆ చేతులకి ఆవిడ భయపడిందే. నెలన్నర గడువిచ్చింది. ఈలోగా నయమైతే వీసా పంపుతానంది. లేపోతే వేరే ఎవరో ఉన్నారంట."

"బేబీని చూసుకోడానికి అత్తమ్మ వస్తానంది. నేనైతే సిద్ధమేనే."

"నువ్వు సిద్ధమైతే చాలదక్కా. చేతులు సిద్ధమవ్వాలి."

అందుకని భవాని వీరాయమ్మ దగ్గరికి వెళ్ళింది. వీరాయమ్మకి డెబ్బై దగ్గర పడింది. మోకాళ్ళు పట్టేసి, కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. అయినా చేతుల్లో చేవ తగ్గలేదు. సంగతంతా విని ఆవిడ పథ్యం చెప్పింది.

"మండలం పట్టుద్ది. నలభై రోజులూ షెడ్డు గడప తొక్కకు. కోడి కూసే ఏళకి లేచి పరగడుపున తరవాణి తాగు. టీ మానెయ్. ఎండుచేప, ఆవకాయ, నూనెలో ఏగించినయ్యీ ముట్టుకోకు. బీరకాయ, పొట్లకాయ, మునగాకు పప్పు తిను. చీకటి పడకుండా అన్నం తినేసి కాలవగట్టున కాసేపు నడువు, పెందళాడే పడుకో. పొద్దున్నే వస్తే నేను నలుగు పెడతాను."

"ఆయ్. అలాగేనండీ మామ్మగారూ."

"ఇంకోటి. ఒళ్ళంతా రుద్దుతాను, అరచేతులు తప్ప. ఎవరికైనా అంతే."

"ఎందుకండీ?"

"నాకు నేర్పిన పైడమ్మగారు అలా చెప్పేరు. ఎందుకని అడక్కు."

ఆ పథ్యం చెయ్యడం భవానికి కష్టమేమీ కాలేదు. షెడ్డు మానేసిన ఇంట్లో పథ్యం దానంతటదే వస్తుంది. రేషను బియ్యం, దొడ్లో మునగచెట్టు, పాదు మీద బీరకాయలు. రాత్రి మిగిలిన అన్నం కుండలో వేసి, గంజి పోసి పులియబెట్టిన తరవాణిని బేబీ కూడా ముక్కు మూసుకుని తాగేది. ఆరోగ్యమే మహాభాగ్యం అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. వేరే భాగ్యం లేని ఇళ్ళల్లో అదొక్కటైనా ఉండాలి కదా.

రోజూ తెల్లారగట్ల వీరాయమ్మ పెసలూ బావంచాలూ కచ్చూరాలూ కలిపి విసిరిన పిండిలో కస్తూరి పసుపు వేసి, కొబ్బరినూనె చుక్కతో తడిపి రుద్దేది. వారానికల్లా బుగ్గల మీద మంగు పల్చబడింది. పదో రోజుకి అది గెల మీదికి చేరింది. రెండు వారాలు గడిచేసరికి మోచేతుల కింద పొక్కులు పోయాయి. ఆ రోజు పళ్ళు రొయ్యల కంపు కొట్టాయి. ఏం పెట్టినా తినే గేదె కూడా మూతి తిప్పుకుని, సాయంత్రం దాకా అలిగి, ఆకలేసి తినేసింది. ఆ తరవాత పెనం మీద చెయ్యి పడి కాలిన మచ్చ, చిన్నప్పటి ఆటలమ్మ గుంటలు, జబ్బ మీద టీకా మచ్చ ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి.

"ఏమే భవానీ, పెళ్ళికూతురయ్యేవే," అనేవారు నూతి దగ్గర ఆడవాళ్ళు.

అయ్యప్పకి సంతోషంగానే ఉంది, దిగులుగానూ ఉంది. ఒకరోజు మంచం మీంచి చెయ్యి చాచి ఆమె చెవి వెనక తడిమాడు.

"ఇక్కడ పుట్టుమచ్చ ఉండాలి కదే."

"పోయిందయ్యా."

"అదెందుకు తీయించేవు? దాన్ని మేడం చూడదు కదా."

"నేను తీయించలేదు. అన్నిటితో పాటు పోయింది."

అతను వేలు చాలాసేపు అక్కడే ఉంచాడు. పదకొండేళ్ళుగా తనకి తప్ప ఇంకెవరికీ తెలియని మచ్చ అది.

ముప్ఫై ఎనిమిదో రోజుకి భవాని ఒంటి మీద ఒక్క చుక్క లేదు, చేతుల్లో తప్ప. చేతుల వెనక వైపు నున్నగా తేరింది. తిప్పి చూస్తే అరచేతులూ వేళ్ళ లోపలి వైపూ అలాగే పగిలి, పొరలు లేచి ఉన్నాయి. మేడం చూసేది వాటినే. మర్నాడు కాక మర్నాడు వీడియో కాల్.

"మామ్మగారూ, అరచేతులు కూడా రుద్దండి," అంది.

"కుదరదే."

ముప్ఫై తొమ్మిదో రోజు మళ్ళీ అడిగింది. ఈసారి ఏడుస్తూ అడిగింది. వీరాయమ్మ తల అడ్డంగా ఊపి, పిండి గిన్నె మూత పెట్టేసింది.

నలభయ్యో రోజు భవాని ఏడవలేదు. రెండు చేతులూ చాపి ఆవిడ ఒళ్ళో పెట్టింది.

"ఇంకెక్కడికీ పోలేనండి నేను. ఈ చేతులతో మళ్ళీ ఆ ఐసులోకి పోతే కుళ్ళిపోతాయి. మీరే దిక్కు."

వీరాయమ్మ ఆ చేతుల వంక చూసింది. తన మోకాళ్ళ వంక చూసుకుంది. గోడ మీద తడి బట్టలు ఆరేసుకుంటున్న పక్కింటావిడ లోపలికి వెళ్ళేదాకా ఆగింది. అప్పుడు పిండి గిన్నె మూత తీసి రుద్దడం మొదలుపెట్టింది. నొప్పి లేదు. పాసిన చర్మం ఉల్లిపొరలా వచ్చేసింది. కింద కొత్త చర్మం గులాబి రంగులో బయటపడింది.

పైన గెలలో కింది అత్తానికి పది పళ్ళున్నాయి. ఒక్కో పండు కొనమీదా సన్నటి గీతలు సుళ్ళు తిరిగి తేలాయి. ఎంత ముద్దుగా ఉన్నాయో అనుకుంది భవాని. వీరాయమ్మ ఆ అత్తం కోసి తీసుకెళ్ళి గేదె ముందు పెట్టింది. పెట్టి, ఎప్పట్లా లోపలికి పోలేదు. పదో పండు కూడా గేదె నోట్లోకి పోయేదాకా గుంజ పట్టుకుని అక్కడే నిలబడింది.

వీడియో కాల్‌లో మేడం భవాని చేతులు చూసి పొట్ట మీద చెయ్యి వేసుకుని నవ్వింది. వారంలో వీసా పేపర్లు వచ్చాయి. మెడికల్‌కి వెళ్తే అన్నీ బాగున్నాయన్నారు. ఊపిరితిత్తులు బాగున్నాయి, రక్తం బాగుంది. ఏం తింటావమ్మా అని అక్కడి డాక్టరమ్మ అడిగితే, తరవాణి తాగుతానండీ అని చెప్పింది. బేబీ పాత నోటుబుక్కులో అమ్మ తేవాల్సిన వస్తువుల జాబితా రాసుకుంది. రంగు పెన్సిళ్ళు, ఖర్జూరాలు, నాన్నకి చక్రాల కుర్చీ.

ఇంక వేలిముద్రలే మిగిలాయి. రావులపాలెంలో బస్సెక్కి విశాఖపట్నం వెళ్ళింది. వీసా ఆఫీసులో ఒకాయన మర్యాదగా కూర్చోమని, నాలుగు వేళ్ళూ అద్దం మీద పెట్టమన్నాడు. మిషను ఎర్రదీపం వేసింది. గుడ్డతో తుడిచి పెట్టమన్నాడు. సబ్బుతో కడుక్కుని రమ్మన్నాడు. వేళ్ళు తన చేత్తో పట్టుకుని నొక్కి చూశాడు. ఆఖరికి ఆమె అరచెయ్యి దీపం కిందికి తిప్పాడు. అందులో ఒక్క గీత లేదు. కడిగి బోర్లించిన పింగాణీ పళ్ళెంలా ఉంది.

"రొయ్యల పని చేసేవాళ్ళకి ఇలా అరుగుతాయమ్మా," అన్నాడాయన. "రెండు నెలలు ఆగండి, మళ్ళీ వచ్చేస్తాయి."

భవాని రెండు నెలలూ ఆగింది. రోజూ పొద్దున్నే లేవగానే వేళ్ళు ఎండకి పెట్టి చూసుకునేది. ఏమీ రాలేదు. మస్కట్‌లో బిడ్డ పుట్టాడు. వేరే ఆయా వచ్చింది. "నేనేం చెయ్యనే అక్కా," అని యామిని ఫోనులో ఏడ్చింది. బేబీ ఆ జాబితా కాగితం చింపలేదు, అడగనూ లేదు.

మళ్ళీ షెడ్డుకే పోదామనుకుంది. అక్కడ హాజరుకి వేలు పెట్టాలి. మిషను ఆమెని ఎరగనంది. మూడేళ్ళు తన చేతి కింద పనిచేసిన మనిషిని సూపర్‌వైజర్ గుర్తుపట్టాడు గానీ, మిషను ఒప్పుకోకపోతే కూలి పడదన్నాడు. రేషను షాపు దగ్గరా అంతే. ఆ ఇంట్లో ముద్ర పడేది అయ్యప్పకి ఒక్కడికే. నెలకోసారి పక్కింటి కుర్రాళ్ళిద్దరు అతన్ని కుర్చీతో సహా ఎత్తుకుని వెళ్ళి వేలు వేయించుకు వచ్చేవారు. అతను దారి పొడుగునా తల వంచుకుని ఉండేవాడు.

జ్యేష్ఠమాసంలో ఒకనాటి పొద్దున్న భవాని వీరాయమ్మ దొడ్లోకి వచ్చింది. ఆవిడ రాయి పక్కన పీట మీద కూర్చుని ఉంది.

"మామ్మగారూ, మీ చెయ్యి ఇలా ఇవ్వండి."

వీరాయమ్మ ఎందుకని అడగలేదు. చెయ్యి చాపి తిప్పింది. ఇన్నేళ్ళూ పిండి అంటుకుని ఉండే ఆ అరచేతిని భవాని మొదటిసారి ఖాళీగా చూసింది. ఒక్క గీత లేదు.

"మీరూ ఎక్కడికైనా వెళ్దామనుకున్నారా?"

"కువైట్. ఎనభై అయిదులో. ఒంటినిండా తామర ఉండేది నాకు. పైడమ్మగారు నలుగు పెట్టేరు. చదువు లేదు కదే, ఏజెంటు కాగితం మీద నిశానీ వెయ్యమన్నాడు. సిరా అంటుకుంది గానీ ముద్ర పడలేదు. వీసా మా తోటికోడలికిచ్చేసేడు."

"ఇలా అవుద్దని పైడమ్మగారికి తెలుసా?"

"తెలుసు."

"మీకూ తెలుసు."

"రెండు సార్లు కాదన్నాను కదే."

"మూడోసారి?"

వీరాయమ్మ కాకరపాదు వైపు తల తిప్పుకుంది. "నువ్వు అడిగిన తీరుకి కాదనలేకపోయేను. అదొకటి," అంది. "నా మోకాళ్ళు పడిపోయినయ్యి. నా తరవాత ఈ నలుగు పెట్టడానికి ఎవరూ లేరు. అదీ ఉంది. అబద్ధం చెప్పనే."

భవానికి ఆ ముసలి చేతిని విరిచెయ్యాలన్నంత కోపం వచ్చింది. గిన్నె తీసి నూతిలో పారేద్దామనుకుంది. బేబీ రాసుకున్న జాబితా, కుర్చీలో తల వంచుకున్న అయ్యప్ప కళ్ళ ముందు మెదిలాయి. పోదామని వెనక్కి తిరిగింది. ఎక్కడికి పోవాలో తెలియలేదు. అలా నిలబడి ఉండగానే గుమ్మం ముందు ఆటో ఆగింది. అందులోంచి కొత్తపేట లిడియా, ఆవిడ తల్లి దిగారు. లిడియా చేతుల్లో పదకొండు రోజుల ఆడపిల్ల. ఒంటినిండా ఎర్రటి చెమటకాయలు.

"మామ్మగారూ, పిల్లకి నీళ్ళు పొయ్యాలండీ," అంది లిడియా తల్లి.

వీరాయమ్మ లేవబోయింది. మోకాలు లేవనియ్యలేదు. మళ్ళీ లేవబోయి, పీట మీదే కూలబడి, భవాని మొహంలోకి చూడకుండా పిండి గిన్నె ఆమె వైపు జరిపింది.

పిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. భవాని గిన్నె వంక, పిల్ల వంక చూసింది. తరవాత చీర కుచ్చెళ్ళు ఎగదోపి, రాయి మీద కూర్చుని కాళ్ళు చాపింది. పిల్లని కాళ్ళ మీద పడుకోబెట్టుకుంది. ఆ నున్నటి చెయ్యి వీపున పడగానే పిల్ల ఏడుపు ఆపింది. ఏ మేడం పిల్లనో ఎత్తుకోవాలని తయారైన చేతులు అవి. మెడ, గుండె, తొడలు, మడమలు మెల్లగా రుద్దుకుంటూ వచ్చింది. పైన గెల మీద ఎర్రటి చుక్కలు ఒక్కొక్కటే తేలాయి.

చేతుల దగ్గరికి వచ్చేసరికి పిల్ల పిడికిళ్ళు విచ్చుకుని ఉన్నాయి. వాటిలో తల వెంట్రుకలంత సన్నటి గీతలు. భవాని ఒక్కో వేలే ముడిచి, రెండు పిడికిళ్ళూ గట్టిగా మూసి, పిండి గానీ నీళ్ళు గానీ తగలకుండా తన ఎడమచేత్తో కప్పి పట్టుకుంది.

"చేతులు రుద్దవేంటమ్మా?" అంది లిడియా.

"ఒళ్ళంతా రుద్దుతానండీ, అరచేతులు తప్ప," అంది భవాని. "ఎవరు ఎన్నిసార్లు అడిగినా సరే."