రెండో ట్యాంకు

హోటలు గోడ మీద మా తోడికోడలి ఫొటో పెట్టారని తెలిసిన రోజు నాకు ముద్ద దిగలేదు. ఫొటో అంటే ఏదో మూలన తగిలించింది కాదు. లోపలికి అడుగుపెట్టగానే కనబడేట్టు, అద్దం బిగించి మరీ పెట్టారు. దాని కింద 'మేము నీటిని రెండుసార్లు వాడతాము' అని పెద్ద పెద్ద అక్షరాలు. తను హోటలు లాండ్రీకి పెద్ద, నేను ఆసుపత్రి లాండ్రీకి పెద్ద. తను ఉతికేది షికారుకొచ్చి పడుకునేవాళ్ళ దుప్పట్లు. నేను ఉతికేది లేస్తామో లేదో తెలియక పడుకునేవాళ్ళ దుప్పట్లు. ఎవరి ఫొటో గోడెక్కాలో మీరే చెప్పండి.

తను మా ఆయన తమ్ముడి భార్య. మనసులో నేను మహారాణి అని పిలుచుకుంటాను. కింది వాటాలో మేము, పై వాటాలో వాళ్ళు. అత్తయ్య మా దగ్గర తిని వాళ్ళ గొప్పలు చెబుతుంది. ఫొటో సంగతి కూడా నాకు చెప్పింది ఆవిడే. నేను వడ్డిస్తుంటే, నా మొహంలోకి చూస్తూ, నిదానంగా చెప్పింది.

ఇంతకీ మహారాణి చేసిన ఘనకార్యం ఏమిటంటే, బట్టలు చివరిసారి జాడించిన నీళ్ళను మురుగులోకి వదలకుండా ట్యాంకులోకి పట్టింది. ఆ నీళ్ళలో మురికేమీ ఉండదు. కాస్త సబ్బు వాసన, అంతే. తర్వాతి వాయి బట్టలను ముందు ఆ నీళ్ళతో తడుపుతుంది. అంతకు మించి ఏమీ లేదు. దీనికి ఫొటో, దీనికి అద్దం.

చోద్యం ఏమిటంటే, ఆ ఫొటో ఊరి మీద పడింది. బస్సు డిపో మేనేజరు ఏదో మీటింగుకని హోటలుకెళ్ళి దాన్ని చూశాడు. కొద్దిరోజుల్లోనే డిపోలో బస్సులు కడిగిన నీళ్ళను ఇసుకతో వడకట్టి మళ్ళీ వాడడం మొదలైంది. గేటు మీదికి బోర్డు వచ్చింది. డిపోకి ఎదురుగా ఉన్న బ్యాంకువాళ్ళకి ఆ బోర్డు కంట్లో నలుసైంది. వాళ్ళు కప్పు మీద పడే వాన నీళ్ళకి గొట్టాలు పెట్టించి, అంతకన్నా పెద్ద బోర్డు రాయించారు. ఎవరికీ నీళ్ళ మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకురాలేదు. పక్కవాడి గోడ చూసి నిద్ర పట్టక చేశారు. ఆఫీసులకి కూడా తోడికోడళ్ళు ఉంటారని నాకు అప్పుడే తెలిసింది.

ఆ మంట తిరిగి తిరిగి మా సూపరింటెండెంటుకి అంటుకుంది. నన్ను గదిలోకి పిలిపించాడు. ఎండలు ముదిరాయనీ, ట్యాంకర్లు తెప్పించుకుని నడుపుతున్నామనీ, లాండ్రీ ఒక్కటే సగం నీళ్ళు తాగేస్తోందనీ చెప్పుకొచ్చాడు. అదంతా నాకు తెలిసిందే. తర్వాత అన్న మాటే నన్ను నిలువునా కాల్చింది.

"వచ్చే నెలలోగా నీళ్ళు తగ్గించండి. కుదరకపోతే మన బట్టలన్నీ హోటలు లాండ్రీకే పంపిద్దాం. మీ వాళ్ళందరికీ అక్కడే పని చూపిస్తామన్నారు. అక్కడి పెద్దావిడ మీ ఇంటి మనిషేనటగా, మీకేం ఇబ్బంది ఉండదు."

ఇబ్బంది ఉండదట! నేను వెళ్ళి మహారాణి చేతి కింద దుప్పట్లు మడతపెట్టాలి. తను కుర్చీలో కూర్చుని 'ఆ అంచు సరిగ్గా రాలేదక్కా' అంటుంటే మళ్ళీ మడతపెట్టాలి. సాయంత్రం ఇంటికొస్తే అత్తయ్య ఆ కబుర్లు అడిగి మరీ చెప్పించుకుంటుంది. అంతకన్నా ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చోవడమే నయం అనిపించింది. కానీ ఆ లాండ్రీ నేను పెంచింది. ఏ మిషను ఏ చప్పుడు చేస్తే ఏం నొప్పో నాకు తెలుసు.

చిన్నదాన్ని ఒక్క మాట అడిగితే పోయేదానికి ఎందుకీ అవస్థ అన్నాడు మా ఆయన. అత్తయ్య కూడా అదే పాట. నా గొంతులో ప్రాణం ఉండగా అడగనన్నాను.

అడగలేదు. చూసొచ్చాను. ఒక పొద్దున తను భోజనం డబ్బా మెట్ల మీద మర్చిపోయి వెళ్ళింది. దాన్ని పట్టుకుని తిన్నగా హోటలు లాండ్రీలోకి నడిచాను. తను మిషన్ల మధ్య నిలబడి తువ్వాళ్ళు లెక్క చూసుకుంటోంది. నన్ను చూసి కుర్చీ వేయించి, టీ తెప్పించింది. నేను టీ తాగుతూ కళ్ళతో గొట్టాలన్నీ తడిమేశాను. మిషను వెనక నుంచి గొట్టం, దానికొక వడపోత, పైన ఇనుప స్టాండు, స్టాండు మీద ట్యాంకు. ఒకటి కాదు, రెండు. రెండూ ఒకే పరిమాణం, పక్కపక్కనే.

ఒక లాండ్రీకి రెండు ట్యాంకులెందుకు? ఒకటి పనికి, ఒకటి డాబుకి. వాళ్ళ వాటాలో కూడా అంతే, ఉన్న ఒక్క ముందుగదికీ రెండు గోడ గడియారాలు. నాకు లోపల నవ్వొచ్చింది.

నేను పైకి చూడడం తను చూసింది.

"ఏంటక్కా, ఏమైనా అడగాలా?" అంది.

"నాకేం అడగాల్సిన పని? డబ్బా మర్చిపోయావని తెచ్చాను," అన్నాను.

తను ఇంకో క్షణం నా మొహంలోకే చూసి, మళ్ళీ తువ్వాళ్ళ వైపు తిరిగింది.

మా ఆసుపత్రిలో మూతపడిన పాత వంటగది మీద మంచి ట్యాంకు ఒకటి ఊరికే పడుంది. ప్లంబరుని పిలిచి దాన్ని దింపించి, లాండ్రీ పక్కన స్టాండు కట్టించి ఎక్కించాను. ఒకటి సరిపోతుందా అని ప్లంబరు నసిగాడు. చెప్పింది చెయ్యమన్నాను. అంటురోగాల బట్టలకి మా దగ్గర వేరే మిషను ఉంది, ఆ నీళ్ళు నేరుగా బయటికే పోతాయి. అందులో వేలుపెట్టేంత తెలివితక్కువదాన్ని కాను. మిగిలిన మిషన్ల చివరి నీళ్ళన్నీ ఆ ఒక్క ట్యాంకులోకి మళ్ళించాను.

ట్యాంకర్లు రావడం తగ్గింది. సూపరింటెండెంటు స్వయంగా లాండ్రీకి వచ్చి ట్యాంకుని తట్టి చూశాడు. నీటి సరఫరా ఆఫీసు వాళ్ళనీ, ఆసుపత్రి పెద్దలనీ పిలిచి చూపిద్దామన్నాడు. ముందు హాల్లో మన ఫొటో కూడా పెడదామన్నాడు. ఆ సాయంత్రం నేను అత్తయ్యకి ఆ విషయం చెప్పాను. పై వాటాలోకి వినబడేంత గట్టిగా చెప్పాను. కొందరికి రెండు కావాలి, నాకు ఒక్క ట్యాంకే చాలిందని కూడా చెప్పాను. పైన గడియారం చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

పెద్దలు రావడానికి ముందు రోజు మధ్యాహ్నం పెద్ద నర్సు ఒక దుప్పటి పట్టుకుని నా గదిలోకి వచ్చింది. దాన్ని బల్ల మీద పరిచింది. తెల్లగా ఉండాల్సిన దుప్పటి నీలంగా ఉంది. పాలిపోయిన నీలం, కానీ నీలమే. వార్డులన్నిట్లో ఇలాగే ఉన్నాయట. పిల్లల వార్డులో ఒక తల్లి, బిడ్డ నీలంగా అయిపోతున్నాడని కేకలు పెట్టిందట. డాక్టరు పరిగెత్తుకుంటూ వచ్చాడట. బిడ్డ నిక్షేపంగా ఉన్నాడు. దుప్పటి రంగు వాడి బుగ్గల మీద పడింది, అంతే. కానీ ఆ తల్లి ఇంకా వణుకుతూనే ఉందట.

ఆపరేషన్ గదికి ఆ వారమే కొత్త నీలం గౌన్లు వచ్చాయి. కొత్త బట్ట, ఎంత జాడించినా రంగు వదులుతూనే ఉంటుంది. వాటి చివరి నీళ్ళు నా ఒక్క ట్యాంకులోకే వెళ్ళాయి, ఆ నీళ్ళలోనే నేను తెల్ల దుప్పట్లు తడిపాను. తెల్లవాటికి ఒక ట్యాంకు, రంగువాటికి ఒక ట్యాంకు. డాబు కోసం పెట్టిందనుకున్న రెండోది అందుకన్నమాట. ఇన్నేళ్ళుగా రంగు బట్టనీ తెల్ల బట్టనీ ఒక మిషన్లో వెయ్యని నేను, వాటి నీళ్ళని ఒకే ట్యాంకులో కలిపాను. మహారాణి కన్నా ఒకటి తక్కువతో చేశానని చెప్పుకోవాలనే తహతహలో నా కళ్ళు మూసుకుపోయాయి.

సూపరింటెండెంటు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. రేపు వచ్చినవాళ్ళకి ఈ నీలం దుప్పట్లే కనబడితే, ఎల్లుండి నుంచి బట్టలు హోటలుకి పంపడమేనని మెల్లగా చెప్పాడు.

ఇంటికొచ్చి పై వాటా మెట్లెక్కాను. ఆ మెట్లు నేను ఎక్కి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు. తను తలుపు తీసి, నా చేతిలో నీలం దుప్పటి చూసింది. తను నవ్వి ఉంటే తిరిగి దిగిపోయేదాన్ని.

"ఎలా పోగొట్టాలి దీన్ని?" అన్నాను.

ట్యాంకు ఖాళీ చేసి కడగాలనీ, దుప్పట్లన్నీ వేడినీళ్ళలో తెల్లబరిచే మందు వేసి మళ్ళీ ఉతకాలనీ చెప్పింది. రెండో ట్యాంకుగా వాళ్ళ వాటా మీదున్న నీళ్ళ డ్రమ్ము తీసుకెళ్దామంది. ఇంకో డ్రమ్ము కొనేదాకా తాము కిందికొచ్చి స్నానాలు చేస్తామంది. చెబుతూనే చెప్పులు వేసుకుంటోంది. అంత మంచితనం నాకు ఇంకా మండింది.

"నేను చూడ్డానికే వచ్చానని ఆ రోజు నీకు తెలుసు. రెండోది ఎందుకో చెబితే నీ సొమ్మేం పోయేది?"

తను చెప్పులో పెట్టిన కాలు అలాగే ఉంచేసింది.

"అడుగుతావేమోనని చూశానక్కా. ఒక్కసారైనా నన్ను ఏదైనా అడుగుతావేమోనని."

తను రెండో చెప్పు కూడా వేసుకుంది.

"నేను ఈ ఇంటికొచ్చిన కొత్తలో, బట్టలు జాడించిన నీళ్ళతో నువ్వు గచ్చు కడిగేదానివి. మిగిలినవి తీసుకెళ్ళి మరుగుదొడ్లో పోసేదానివి. అత్తయ్య పొద్దున లేస్తే అదే మాట, పెద్దదాన్ని చూసి నేర్చుకో, పెద్దదాన్ని చూసి నేర్చుకో అని. నిన్ను చూస్తేనే ఒళ్ళు మండేది నాకు. ఆ మంటతోనే హోటల్లో చేసి చూపించాను."

నా మనసు కరిగి, తనని దగ్గరికి తీసుకున్నానని చెబితే మీకు బాగుంటుంది. కరగలేదు. నా గచ్చు, నా నీళ్ళు, ఫొటో మాత్రం తనది! ఇద్దరం డ్రమ్ముని చెరోవైపు పట్టుకుని మెట్లు దిగుతుంటే నా బుర్రలో తిరిగింది అదొక్కటే.

పొద్దున పెద్దలు వచ్చేసరికి దుప్పట్లు మల్లెపువ్వుల్లా ఉన్నాయి, స్టాండు మీద రెండు ట్యాంకులున్నాయి. లాండ్రీ నాకు దక్కింది. ముందు హాల్లో నా ఫొటో పెట్టారు. హోటల్లో దానికన్నా జానెడు పెద్దది. కొలిచాను కూడా.

ఆ ఫొటో చూసి మొన్న కాలేజీ హాస్టలు వార్డెన్ వచ్చాడు. మనకెందుకు లేదు ఇలాంటిదని వాళ్ళ ప్రిన్సిపాలు ప్రాణం తీస్తున్నాడట. గొట్టాలు చూశాడు, వడపోత చూశాడు, పైకి చూశాడు. రెండో ట్యాంకు దగ్గర ఆయన పెదవి ఒక మూలకి వంగింది. ఆ వంపు నాకు బాగా తెలుసు.

"మాకు ఒక్కటి చాలు లెండి," అని నమస్కారం పెట్టి బయల్దేరాడు.

ఆయన గుమ్మం దాటగానే మా తోడికోడలికి ఫోన్ చేశాను. వార్డెన్ వచ్చాడనీ, రెండోది డాబు కోసం అనుకుని పోతున్నాడనీ చెప్పాను.

"నువ్వు చెప్పలేదా?"

"ఆయన అడగలేదుగా," అన్నాను.

అవతల తను ఫక్కున నవ్వింది. నాకూ నవ్వాగలేదు. ఈ ఇంటి కోడళ్ళమయ్యాక మేమిద్దరం కలిసి నవ్వింది అదే మొదలు. నవ్వి నవ్వి, ఊపిరి తీసుకుని, తను ఇంకో మాట అడిగింది.

"రేపు ఆ పిల్లల చొక్కాలన్నీ రంగు మారితే ఎవరి దగ్గరికి పరిగెత్తుతాడంటావక్కా? హాస్టలుకి మా హోటలేగా దగ్గర."

నా నవ్వు ఆగిపోయింది. ఫోన్ బల్ల మీద పడేసి, చెప్పులు కూడా వేసుకోకుండా గేటు వైపు పరిగెత్తాను. ఆయన అప్పటికే బండి ఎక్కి తాళం తిప్పుతున్నాడు.

"సార్, ఒక్క నిమిషం ఆగండి," అని అరిచాను. "ఆ రెండో ట్యాంకు ఎందుకో నన్ను అడగండి."