డబ్బాల బొమ్మ

పలాస జీడి ఫేక్టరీ నుంచి రాగానే సువర్ణమ్మ కొబ్బరినూనెతో వేళ్ళు తోముకునేది. జీడి రసానికి నల్లబడ్డ వేళ్ళు, ఎంత తోమినా తెల్లబడేవి కావు. ఆ చేతులతోనే ఇద్దరు తమ్ముళ్ళను పెంచింది, పెళ్ళిళ్ళు చేసింది. ఆ తర్వాత వాళ్ళు ఇంటి మధ్య గోడ కట్టుకున్నారు. తూర్పు భాగం షాలేమ్ రాజుది, పడమటిది విజయ్ కుమార్‌ది. మరి అప్ప అని పిలిచే అక్కకి? ఆ మాట ఇద్దరికీ తట్టలేదు. ఒక నెల ఇటు వసారాలో, ఒక నెల అటు వసారాలో పడుకునేది.

రెండువేల మూడులో విదేశీ వ్యాపారి పంపిన క్యాలెండర్ని ఫేక్టరీ యజమాని చెత్తలో పడేశాడు. దేవుడూ లేడు, సినిమా తారా లేదు, అన్నీ గళ్ళూ గీతలే. సువర్ణమ్మ అందులోంచి ఒక పెద్ద బొమ్మ తెచ్చి, షాలేమ్ రాజు వైపు, కొత్త గోడకి పడ్డ బీట మీద అంటించింది. నలుపు, తెలుపు, బూడిద పలకలు. పేర్చిన డబ్బాల్లా ముందుకు పొడుచుకొచ్చేవి. రెప్ప వాల్చి తీస్తే లోపలికిపోయి గూళ్ళయ్యేవి.

పొడుచుకొచ్చినప్పుడు షాలేమ్ రాజు భార్య రెబెక్కా వాటిమీద తడిబట్టలు ఆరేసేది. గూళ్ళయినప్పుడు బైబిలు పెట్టుకునేది. ఎప్పుడేదవుతుందో తెలీక ఇంట్లో అందరి నుదుళ్ళూ బొప్పి కట్టాయి. ఇటు గూడైతే, అటు విజయ్ కుమార్ గోడ ఉబ్బేది.

"అన్నియ్యా, నీ డబ్బాలు నా గదిలోకొచ్చేత్తన్నాయి. మంచం ఎక్కడెయ్యమంటావు?"

"పొద్దున నా భుజం గీరుకుపోనాది, అదేటి మరి? పోతన్నది నా జాగా!"

"ఇద్దరి జాగా పోతే, అదెటెల్లిపోనాదిరా?" అంది సువర్ణమ్మ.

ఆ వారమే ఒక వసారాలో కిరాణా కొట్టు వెలిసింది, రెండోదానిలో మోటారు బండి నిలబడింది. అప్పని మందసలో దూరపు చుట్టాలింటికి పంపేద్దామన్నారు. గోడ కట్టాక అన్నదమ్ములు కలిసింది ఈ ఒక్క విషయంలోనే.

ఆదివారం ఆరాధనయ్యాక, జాగా తగువు తీర్చడానికి పాస్టరు గారు టేపు పట్టుకొచ్చారు. సువర్ణమ్మ మూట కట్టుకుని మందస బస్సు వేళకోసం గుమ్మంలో కూర్చుంది.

తూర్పు గది కొలిచారు, సరిపోయింది. పడమటిది కొలిచారు, అదీ సరిపోయింది. గోడ మందం ఒక్క ఇటుకే. అప్పుడు డబ్బాలు లోపలికి పోయాయి. గూట్లోకి వదిలిన టేపు ఎంతకీ అవతలి గోడకి తగల్లేదు. పాస్టరు గారు మళ్ళీ కొలిచి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు.

"నాకూ తెలవట్లేదు నాన్నా. ఇద్దరికీ రావలసింది ఇద్దరికీ ఉంది. ఇది మీది కాదు."

"అయితే ఎవులిది?"

ఆయన మళ్ళీ టేపు సాగదీస్తుండగానే సువర్ణమ్మ మూట చంకన పెట్టుకుంది, తల వంచి గూట్లోకి దూరింది. చాప పరిచిన చప్పుడు ఇటూ వినిపించింది, అటూ వినిపించింది. పాస్టరు గారు టేపు చుట్టేసి టీ అడిగారు.

తెల్లారి రెబెక్కా బొమ్మమీద తట్టింది. "వదినా, కాస్త ఉప్పుందేటి?"

అటునుంచి విజయ్ కుమార్ గోడ బాదాడు. "అప్పా, మా గొడుగు సూసినావేటి?"

లోపల్నుంచి సువర్ణమ్మ అంది, "సెప్పులు బయట ఇప్పి రండి."